ఏడుపుకు హక్కుదారు

పెళ్లిళ్లు తీసే కెమెరాతో నేను చావు తీసింది ఒక్కసారే.

అనంతపురంలో మా స్టూడియో చిన్నది. తొంభైల చివర్లో, భుజం మీద పెట్టుకునే పెద్ద కెమెరా ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో కొని చుట్టుపక్కల మండలాల్లో పెళ్లిళ్లు తీసేవాణ్ణి. బుక్కరాయసముద్రం అవతల ఒక పల్లెలో పెళ్లి తీస్తున్నప్పుడు పెళ్లికూతురి చిన్నన్న నాకు స్నేహితుడయ్యాడు. ఐదెకరాల మెట్ట రైతు. ఆ రెండు రోజులూ నా వైర్లు మోసి, లైటు పట్టుకుని, అన్నం తినే వేళకు నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. తర్వాత ఎప్పుడు టౌనుకు వచ్చినా స్టూడియో మెట్ల మీద కూర్చుని ఓ టీ తాగి వెళ్లేవాడు. ఒక్కోసారి భార్య, కూతురు కూడా ఉండేవారు. భార్య నన్ను అన్నా అని పిలిచేది. కూతురు అప్పటికి మూడో తరగతో నాలుగో తరగతో.

కొత్త శతాబ్దం వచ్చాక వరసగా వానలు మొహం చాటేశాయి. చెనిక్కాయ విత్తితే మొలక దగ్గరే మాడిపోయింది. అతను మూడు బోర్లు వేయించాడు. మూడో బోరు వేసిన రోజు మా స్టూడియోకు వచ్చి, చొక్కా మీద రాతి దుమ్ము దులుపుకుంటూ, "నీల్ల బదులు పౌడరొచ్చినాదన్నా" అని నవ్వాడు. నేనూ నవ్వాను. అతన్ని ప్రాణాలతో చూడటం అదే ఆఖరు.

పదిరోజులకు వాళ్లన్న ఫోన్ చేశాడు.

"మావాడు పురుగుల మందు తాగినాడన్నా. పోయినాడు. నువ్వు కెమెరా ఎత్తుకొని రా."

"కెమెరా ఎందుకప్పా ఇప్పుడు?"

"ఆఫీసర్లు వస్తారంట. అప్పులకు సచ్చినాడో ఇంక దేనికి సచ్చినాడో అని అడుగుతారంట. పక్కూర్లో కడుపునొప్పి అని రాసుకోని పోయినారు. మా ఇల్లు, సేను, బోర్లు, అన్నీ తీయి. కండ్లతో చూస్తే వాళ్లకే తెలుస్తాది."

వెళ్లాను. చేను తీశాను, నోళ్లు తెరుచుకున్న బోరు గొట్టాలు తీశాను. ఇంటికి వచ్చేసరికి అతన్ని వసారాలో పడుకోబెట్టి ఉన్నారు. భార్య తల దగ్గర కూర్చుని శోకాలు తీస్తోంది. మా ప్రాంతంలో ఆడవాళ్లు చావు దగ్గర ఏడిస్తే అందులో పోయినవాడి బతుకంతా వస్తుంది. ఆమె గొంతు అంతకుముందు నేను పెద్దగా విన్నది కాదు. టీ గ్లాసు అందుకుంటూ "చాలన్నా" అనేది, అంతే.

"మూడు బోర్లేస్తివే నా సామీ, మూడింట్లో దుమ్మే వచ్చెనే. ఇత్తనాలు దాసిపెడితి నా సామీ, నిన్నే ఇత్తనమేస్తాండామే. వానరాని మంట్లో నా సామీ, నువ్వెట్ల మొలుస్తువు..."

తీయనా అని నేను ఆమెను అడగలేదు. అడిగే సమయం కాదనుకున్నాను. నిజం చెప్పాలంటే అడగాలన్న ఆలోచనే రాలేదు. వాకిట్లోంచి ఎండ ఆమె మొహం మీద ఒక పక్క పడుతోంది. రెండో పక్క చీకటిగా వస్తోందని అటు రెండడుగులు జరిగాను. అడ్డంగా ఉన్న ప్లాస్టిక్ బిందెను కాలితో పక్కకు తోశాను. స్నేహితుడి శవం ముందు నిలబడి నేను వెలుతురు చూసుకున్నాను. పదకొండు నిమిషాలు కెమెరా ఆపలేదు.

ఆఫీసర్లు నెల తర్వాత వచ్చారు. వాళ్లన్న క్యాసెట్టు చేతిలో పెట్టబోతే, దాన్ని చూసే మిషన్ తమ దగ్గర లేదన్నారు. పాసుపుస్తకం అడిగారు. భూమి ఇంకా వాళ్ల నాయన పేరు మీదే ఉంది. చచ్చినవాడి పేరు మీద సెంటు భూమి లేదు కాబట్టి అతను రైతు కాదని రాసుకుని జీపెక్కారు. ఆ క్యాసెట్టును వాళ్లన్న మళ్లీ నాకే ఇచ్చేశాడు. "మా ఇంట్లో వద్దన్నా ఇది" అన్నాడు.

టౌన్లో నా పెళ్లి క్యాసెట్లకు టైటిళ్లు, మిక్సింగ్ చేసే ఒకాయన ఉండేవాడు. భక్తి పాటలు, జానపదాలు సీడీలుగా చేసి అమ్ముకునే చిన్న కంపెనీ ఆయనది. ఒకరోజు ఏదో పెళ్లి మిక్సింగ్ మధ్యలో నేనే ఆయనకు ఆ క్యాసెట్టు వేసి చూపించాను. ఎందుకు చూపించానో చాలాసార్లు ఆలోచించాను. దుఃఖం పంచుకోవడానికి అని మొదట్లో నాకు నేను చెప్పుకునేవాణ్ణి. కాదు. బాగా తీశానని అనిపించుకోవడానికి.

ఆయన కుర్చీలో ముందుకు వంగాడు. "ఏం గొంతప్పా ఇది! రెండు దినాలు నాకాడ పెట్టు, చూసి ఇస్తా" అన్నాడు.

పెట్టాను.

రెండు రోజులకు క్యాసెట్టు నాకు తిరిగి ఇచ్చేశాడు. ఏడాది తర్వాత బస్టాండు దగ్గర తోపుడు బండి మీద సీడీలు అమ్ముతుంటే ఒక అట్ట మీద ఆమె మొహం కనిపించింది. పైన కరువు పాటలు అని పసుపు అక్షరాలు. కొని ఇంటికి తెచ్చి వేసుకున్నాను. పదకొండు నిమిషాలను ఆరుకు కోసి, వెనకాల కీబోర్డు, డప్పు కలిపారు. నేను ఆయన్ను అడగాలి. అడగలేదు. ఆ సీజనంతా నా మిక్సింగు ఆయన దగ్గరే జరగాలి, పైగా ఇది వాళ్ల పల్లె దాకా ఎక్కడ పోతుందిలే అనుకున్నాను. సీడీని బీరువాలో బట్టల కింద పెట్టాను.

ఐదారేళ్లు గడిచాయి. ఆమె కూతురు ఇంటర్ ముగించి అనంతపురంలో డిగ్రీలో చేరింది, హాస్టల్లో ఉండేది. ఒక మధ్యాహ్నం స్టూడియోకు వచ్చింది. చిన్నప్పుడు చూసిన పిల్ల, నేను గుర్తుపట్టలేదు. ఎవరి కూతురో చెప్పి కూర్చుంది. మంచినీళ్లిస్తే తాగలేదు.

"మామా, మా అమ్మ ఏడుపు ఒకమ్మాయి ఫోన్లో మోగుతాండాది" అంది.

నాకు అర్థం కాలేదు.

"రింగుటోను మామా. మా క్లాసమ్మాయి పెట్టుకోని ఉండాది. యాడిదే అంటే నెట్లోది అనింది. మా నాయన పేరు ఎత్తి ఏడ్చేకాడ కట్ చేసినారు. ఆడ డప్పు పడ్తాది."

ఇద్దరం పక్క వీధిలోని నెట్ సెంటరుకు వెళ్లాం. జనమంతా తమ వీడియోలు పెట్టుకునే ఒక పెద్ద సైటు అప్పటికి బాగా పాకిపోయింది. అందులో ఆ సీడీ కంపెనీ ఆయన తన సరుకంతా ఎక్కించాడు. ఆమె మొహం తెర మీద నెమ్మదిగా లోడవుతూ, ఆగుతూ, మళ్లీ కదులుతూ వచ్చింది. ఆగినప్పుడల్లా ఆమె నోరు తెరిచే ఉంది. కింద విషాద జానపద గీతం అని పేరు. ఆ కింద ఎవరెవరో రాసిన మాటలు. గాయని వాయిస్ సూపర్ అని ఒకడు. ఓవర్ యాక్షన్ అని ఇంకొకడు. ఈ పాట పూర్తిగా ఎక్కడ దొరుకుతుందని మరొకడు. ఆ పిల్ల అన్నీ చదివింది. నేను మౌస్ పట్టుకుని కిందికి జరుపుతూ ఉన్నాను. ఆపమని తను అనలేదు, ఆపే ధైర్యం నాకు లేదు.

బయటికి వచ్చాక అన్నీ చెప్పాను. క్యాసెట్టు ఎవరికిచ్చిందీ, తోపుడు బండి మీద చూసి ఊరుకున్నదీ. పిల్ల విని, "అమ్మకు నువ్వే చెప్పల్ల" అని మాత్రం అంది.

మరుసటి ఆదివారం పల్లెకు వెళ్లి చెప్పాను. ఆమె చాటలో బియ్యం ఏరుతూ విన్నది. చెయ్యి ఆగలేదు.

"ఎంతమంది చూసినారన్నా?" అని అడిగింది.

"చానామందేమ్మా."

"మొగోళ్లు కూడానా?"

"అందరూ."

చాట కింద పెట్టి లోపలికి పోయింది. చాలాసేపటికి తలుపు దగ్గరికి వచ్చి, "తీపిచ్చెయ్యన్నా. ఎట్లనో ఒగట్ల తీపిచ్చెయ్" అంది. నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

కూతురు తల్లి తరఫున ఆ సైటు వాళ్లకు ఉత్తరం టైపు చేసింది. ఇది మా నాన్న చనిపోయిన రోజు, మా అమ్మను అడగకుండా తీశారు, దయచేసి తొలగించండి అని. నాలుగు రోజులకు జవాబొచ్చింది. పరిశీలించామని, తమ నియమాలకు విరుద్ధంగా ఏమీ కనపడలేదని. కింద మనిషి సంతకం లేదు.

అప్పుడు లాయరు దగ్గరికి పోయాం. కోర్టు ఎదురు సందులో ఆఫీసు, పెద్దాయన. భూమి తగాదాల లాయరు. ఇలాంటి కేసు తానూ ఎప్పుడూ చూడలేదని ముందే చెప్పాడు. వారం రోజులు పుస్తకాలు తిరగేసి మమ్మల్ని పిలిచాడు.

"చూడప్పా, ఆమె నా బాధ అంటే వాళ్లకు పట్టదు. నా సొత్తు అంటే పడ్తాది. కాపీరైటు ఓనరు రాస్తే నిమిషాల మీద తీసేస్తారు. ఆ పదకొండు నిమిషాలకు ఓనరు ఎవరు? తీసినోడివి నువ్వు. నీకెవురన్నా దుడ్లిచ్చి తీపిచ్చినారా?"

"లేదు సార్. నేనే ఊరికే పోయినా."

"ఐతే నీదే. నువ్వు రాయి."

ఆమె పక్కనే నిలబడి ఉంది. "నేను ఏడ్సింది ఆయప్పదెట్లైతాది సార్?" అని అడిగింది.

"చట్టంలో అట్లే ఉండాదమ్మా. ఏడుపు నీది, బొమ్మ ఆయప్పది."

నెట్ సెంటర్లో ఫారం నింపాను. ఈ దృశ్యానికి సంపూర్ణ హక్కుదారుని నేనేనని, అబద్ధమైతే శిక్షకు లోబడతానని ఇంగ్లీషులో ఉన్న వాక్యం కింద నా పేరు టైపు చేయాలి. చేశాను. వెనక నిలబడి కూతురు చూస్తోంది. మూడో రోజుకు వీడియో పోయింది. హక్కుదారు కోరికపై తొలగించాం అన్న నల్ల తెర మిగిలింది. ఆ రోజు ఫోన్ చేసి చెబితే ఆమె, "సల్లగుండన్నా" అంది.

రెండు వారాలు కాకముందే సీడీ కంపెనీ ఆయన సైటుకు ఎదురు ఫారం పంపాడు. హక్కు తనదేనని. క్యాసెట్టు నేను ఇష్టపూర్వకంగా ఇచ్చానని, బదులుగా ఆ సీజనంతా నాకు తక్కువ రేటుకు మిక్సింగ్ చేశాడని, సంగీతం తనదని. సైటు వాళ్లు నాకు రాశారు. ఇద్దరూ హక్కు మాదే అంటున్నారు, మేం తేల్చలేం, మీరు కోర్టులో కేసు వేసినట్టు ఇన్ని రోజుల్లోగా చూపకపోతే వీడియో మళ్లీ పెట్టేస్తాం అని.

నేను ఆయన షాపుకు వెళ్లాను. అన్నేళ్ల పరిచయం. కౌంటరు అవతలి నుంచి లేవకుండా మాట్లాడాడు.

"నువ్వు తెచ్చిస్తేనే కదప్పా నాకొచ్చింది? ఇప్పుడు నేను దొంగనైతినా? ఆమె గొంతు దేశమంతా విన్నారంటే అది నా వల్లే."

"ఆమెకు వద్దంట అన్నా."

"ఆమెకేం తెలుసు! పో, కోర్టులోనే చూసుకుందాం."

జిల్లా కోర్టులో కేసు వేశాం. వాదిని నేను, ఆమె రెండో వాది. ప్రతివాదులు సీడీ కంపెనీ ఆయన, ఆ సైటు. సైటుకు సమన్లు ఎక్కడికి పంపాలో తేలడానికే నెలలు పట్టింది. ఇక్కడి ఆఫీసు వాళ్లు మాది ప్రకటనల పని మాత్రమే, సైటు నడిపేది అమెరికాలో అన్నారు. కవరు తిరిగొచ్చింది. మళ్లీ పంపాం. గడువులోగా కాగితాలు అందలేదని ఈలోపు వీడియో తిరిగి తెర మీదికి వచ్చేసింది. ఆఖరికి హైదరాబాదు నుంచి ఒక కుర్ర లాయరు వచ్చి, తమది ఖాళీ గోడలాంటిదని, ఎవరు ఏం అంటించినా తమకు సంబంధం లేదని, కోర్టు ఏది చించమంటే అది చించుతామని చెప్పి మధ్యాహ్నం రైలుకే వెళ్లిపోయాడు.

సాక్ష్యం దాకా వచ్చేసరికి ఇంకో ఎండాకాలం వచ్చింది. మా లాయరు ముందు రోజు ఆమెను కూర్చోబెట్టి నేర్పాడు. గానం చేసినవాళ్లకు, నటించినవాళ్లకు చట్టంలో విడిగా హక్కు ఉంది. ఆ హక్కు కింద ఆమెకు సొంతంగా డిక్రీ వస్తుంది.

"జనం ముందర గొంతెత్తి పాడినా అని చెప్పమ్మా. అంతే. నీ పేరు మీదే తీర్పొస్తాది. అప్పుడు ఈయప్పతో పని లేదు."

ఆమె తల ఊపింది.

ఆ రోజు కోర్టు హాల్లో టీవీ పెట్టి నా అసలు క్యాసెట్టు వేశారు. ఆమె బయట కూర్చోవచ్చని జడ్జిగారు అన్నారు. కూతురు ఆమెను వరండాలోకి తీసుకుపోయింది. కానీ కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి. పదకొండు నిమిషాలూ వరండా దాకా వినపడింది. వాయిదాలకు వచ్చిన జనం మాటలు ఆపేసి తలలు తిప్పి చూశారు. ముగిశాక ఆమెను బోను ఎక్కించారు. సీడీ ఆయన లాయరు లేచాడు.

"ఆ పాట నువ్వే కట్టినావా అమ్మా?"

"ఏ పాట సార్?"

"ఇప్పుడేసినారే, అది."

"అది పాట కాదు సార్. ఏడ్సినా."

"రాగముండాది, పదాలుండాయి. మీ పల్లెల్లో ఆడోళ్లందరూ ఇట్లే ఏడుస్తారు కదా? మీ అమ్మ ఏడ్సింది, మీ అవ్వ ఏడ్సింది. అంటే ఇది నీ సొంతం కాదు."

"అందరూ ఇట్లే ఏడుస్తారు సార్. మొగుడు సచ్చింది మాత్రం ఆ దినం నాకే."

మా లాయరు ఆశగా లేచాడు.

"అమ్మా, ఆ దినం అంతమంది ముందర నువ్వు గొంతెత్తి పాడినావు. అవునా, కాదా?"

ఆమె ఆయన వైపు, తర్వాత నా వైపు చూసింది. ఏం చెప్పాలో ఆమెకు తెలుసు.

"లేదు సార్. నేను ఎవురి ముందరా పాడలేదు. ఆడ జనముండారని కూడా నాకు తెల్దు. కెమెరా ఉండాదని అసలే తెల్దు."

మా లాయరు కూర్చున్నాడు. జడ్జిగారు పెన్ను ఆపి ఆమెను ఒకసారి చూసి, మళ్లీ రాసుకున్నారు.

మేం గెలిచాం. ఎవరూ డబ్బిచ్చి తీయించలేదు కాబట్టి ఆ దృశ్యానికి కర్త, యజమాని మొదటి వాదేనని, సీడీ ఆయన దాన్ని ఇక వాడకూడదని, సైటు ఆ లంకెను తొలగించాలని తీర్పు. కోర్టు ఆవరణలో వేపచెట్టు కింద లాయరు కాగితాలు తిప్పి చెబుతుంటే ఆమె అడిగింది.

"నా గురించి ఏం రాసినారు సార్?"

ఆయన ఒక పేజీ దగ్గర ఆగాడు. "రెండో వాది తాను ఎలాంటి ప్రదర్శనా ఇవ్వలేదని తానే ఒప్పుకున్నందున ఆమెకు ఈ దృశ్యంలో ఏ హక్కూ లేదు, అని."

"నేను చెప్పింది నిజమే కదా సార్?"

"నిజమేనమ్మా. నిజమే చెప్పినావు."

ఆమె నా వైపు తిరిగింది. "ఐతే అది నీదే అన్నా" అంది. కోపం లేదు, వెటకారం లేదు.

ఆ లంకె పోయింది. కానీ రెండేళ్లలో ఎవరెవరో దించుకుని దాచుకున్నారు. నెల తిరక్కుండా ఇంకో పేరుతో వచ్చింది. దాన్ని తీయించాను. మళ్లీ రెండు వచ్చాయి. ఒకదానిలో ఏదో ఎన్నికల ఉపన్యాసం ముందు ఆమెను అతికించారు. ఒక్కోదానికీ వేరే ఫారం. ఒక్కోసారీ ఆ వాక్యం కింద నా పేరు. సంపూర్ణ హక్కుదారుని నేనే. ప్రతి వారం నెట్ సెంటరుకు పోయి వెతకడం నాకు ఒక పనైపోయింది. వెతకాలంటే చూడాలి. చూసి చూసి ఒకరోజు ఆమె ఏడుపు నాకేమీ చేయడం లేదని గమనించాను. గడియారం చప్పుడులా ఉంది.

కూతురు డిగ్రీ మధ్యలో ఆపేసింది. హాస్టల్లో ఆ పిల్లను ఏమని పిలిచేవారో తను నాకు చెప్పలేదు, వార్డెన్ చెప్పింది. చిలమత్తూరు దగ్గర వాళ్ల అమ్మమ్మ ఊరికి తల్లీ కూతుళ్లిద్దరూ వెళ్లిపోయారు. పిల్ల హిందూపురం వైపు బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో చేరింది. నేను ఒకసారి వెళ్లి, ఇంకా మూడు మిగిలాయి, వాటినీ తీయిస్తానని చెప్పాను.

"వద్దులే అన్నా" అంది ఆమె. "నువ్వు నాది నాదని రాసేది చాలు. ఉండనీ."

ఆ తర్వాత ఆపేశాను. అలసిపోయి ఆపానో, ఆమె మాటకు ఆపానో నేను కచ్చితంగా చెప్పలేను.

మరుసటి ఏడు అమ్మమ్మ చనిపోయిందని కూతురు ఫోన్ చేస్తే చిలమత్తూరు బస్సెక్కాను. ఉత్త చేతులతోనే. ఇంటి ముందు పందిరి వేశారు. చుట్టూ ఆడవాళ్లు శోకాలు తీస్తున్నారు. ఆమె తల్లి తల దగ్గర కూర్చుని ఉంది, కొంగు నోట్లో కుక్కుకుని. ముసలామె ఒకతె ఆమె భుజం కుదిపి, "ఏడ్సవే తల్లీ, పోయింది మీయమ్మే! నోరిప్పి ఏడ్సవే" అంటోంది. ఆమె భుజాలు అదురుతున్నాయి గానీ గొంతు రావడం లేదు. కళ్లు మాత్రం పందిరి కింద నిలబడ్డ కుర్రాళ్ల చేతుల మీదికి, వాళ్ల చొక్కా జేబుల మీదికి పోతున్నాయి. అప్పటికి ఫోన్లన్నిట్లో కెమెరాలు వచ్చేశాయి.

నేను ఇద్దరు ముగ్గురి దగ్గరికి పోయి ఫోన్లు లోపల పెట్టుకోమన్నాను. "మేమేం చేసినాం?" అని వాళ్లు కోపంగా చూశారు. నిజమే, వాళ్లేమీ చేయలేదు.

శవాన్ని ఎత్తేదాకా ఆమె నోరు తెరవలేదు. సాయంత్రం బస్సుకు నేను బయలుదేరుతుంటే కూతురు రోడ్డు దాకా వచ్చింది. "అమ్మ ఇంట్లో కూడా గట్టిగా ఏడ్సదు మామా ఇప్పుడు" అంది. బస్సు వచ్చింది. ఎక్కి, వెనక సీట్లో కూర్చున్నాను.